లేని సెక్షన్ కింద కేసు

2017 జూన్‌లో ఒక రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగింది. కోస్తాలో నేను ప్రాక్టీస్ చేసే పట్టణంలోనే ఉండే ఒక పెద్దాయన. "లాయరుగారూ, మావాణ్ణి స్టేషన్లో కూర్చోబెట్టారండి. ఫోన్ కూడా తీసేసుకున్నారు. వాట్సాప్‌లో ఏదో పెట్టాడంట. మీరొక్కసారి రావాలండి" అన్నాడు. గొంతు వణుకుతోంది.

వెళ్లాను. కుర్రాడికి ఇరవై నాలుగేళ్లు. సెల్‌ఫోన్లు రిపేరు చేసే చిన్న షాపు పెట్టుకున్నాడు. వాళ్ల వీధిలో అప్పటికి పది రోజులుగా కుళాయిల్లో బురద నీళ్లు వస్తున్నాయి. ఆ నీళ్లు గాజు గ్లాసులో పట్టి ఫొటో తీసి, "మన కౌన్సిలర్‌గారి ఇంట్లో కూడా ఇవే నీళ్లు వస్తున్నాయా? వస్తే ఒక్క గ్లాసు తాగి చూపించమనండి" అని రాసి వార్డు గ్రూపులో పెట్టాడు. ఎవరో దాన్ని ఫేస్‌బుక్‌లోకి ఎక్కించారు. మర్నాటికల్లా ఊరంతా తిరిగింది. కౌన్సిలర్ అనుచరుడొకాయన స్టేషన్‌కి వెళ్లి ఫిర్యాదు ఇచ్చాడు. జరిగిందింతే.

ఎఫ్ఐఆర్‌లో రెండు సెక్షన్లున్నాయి. ఐటీ చట్టం 66-ఏ, ఐపీసీ 505(2) (వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టడం). మొదటిది కళ్లబడగానే తప్పు చదివానేమోనని మళ్లీ చూశాను. సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసి అప్పటికి రెండేళ్ల మూడు నెలలైంది.

ఇంటర్నెట్‌లో మాట మీద ప్రభుత్వం పెత్తనం చేయబోతే జనం ఎదురు నిలిచి గెలిచిన సందర్భాలు మన దేశంలో కొన్నే ఉన్నాయి. వాటిలో 66-ఏ మీద పోరాటం పెద్దది. ఢిల్లీలో వచ్చిన ఆ గెలుపు మా ఊరి స్టేషన్ దాకా చేరడానికి ఎన్నేళ్లు పట్టిందో ఈ కేసులో దగ్గరుండి చూశాను. అదే తీర్పులో జనం గెలవలేకపోయిన భాగం ఒకటుంది. ఇప్పుడు నా టేబుల్ మీదున్న ఇంకో ఫైలు దాని గురించే. అందుకే రెండూ కలిపి రాస్తున్నాను.

ఆ సెక్షన్‌లో ఏముండేది

ఐటీ చట్టం 2000లో వచ్చింది. ముంబయి దాడులు జరిగిన నెలలోపే, 2008 డిసెంబర్‌లో, పార్లమెంటు దానికి పెద్ద సవరణ చేసింది. పెద్దగా చర్చ జరగలేదు. 2009 అక్టోబర్ 27 నుంచి అది అమల్లోకి వచ్చింది. 66-ఏ, 69-ఏ రెండూ ఈ సవరణతో వచ్చినవే. ఒకటి రాసిన మనిషిని పట్టుకోవడానికి, రెండోది రాసినదాన్ని జనానికి కనపడకుండా చేయడానికి.

66-ఏ ప్రకారం కంప్యూటర్ ద్వారా గానీ ఫోన్ ద్వారా గానీ "బాగా అభ్యంతరకరమైన" సమాచారం పంపితే మూడేళ్ల దాకా జైలు, జరిమానా. అబద్ధమని తెలిసీ ఎదుటివాళ్లకు చికాకు, అసౌకర్యం, అవమానం కలిగించేలా పదేపదే పంపినా అదే శిక్ష. చికాకు అంటే ఏమిటో, అసౌకర్యం అంటే ఎంతో చట్టంలో ఎక్కడా లేదు. బ్రిటన్ చట్టాల్లోంచి మాటలు తెచ్చి అతికించారు. బస్సులో పక్కవాడు గట్టిగా ఫోన్ మాట్లాడితే చికాకే. అది నేరం కాదు. అదే చికాకు ఫోన్ తెర మీద కలిగితే మూడేళ్లు.

ఐటీ చట్టం 77-బి ప్రకారం ఇది పోలీసులు నేరుగా కేసు కట్టగల నేరం, కానీ బెయిల్ వచ్చే నేరం. అందుకే చాలా ఎఫ్ఐఆర్‌లలో దీని పక్కన బెయిల్ రాని సెక్షన్ ఒకటి తగిలించేవారు. 505(2) అలా వచ్చి కూర్చునేది. మా కుర్రాడి ఎఫ్ఐఆర్‌లోనూ అదే జత.

2012

2012ని ఈ కథలో వేరుగా చెప్పుకోవాలి. ఆ ఏడాది ఏప్రిల్‌లో జాదవ్‌పూర్ యూనివర్సిటీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ అంబికేశ్ మహాపాత్రను బెంగాల్ ముఖ్యమంత్రి మీద వచ్చిన కార్టూన్ ఒకటి మెయిల్లో పంపినందుకు అరెస్టు చేశారు. (ఆయన ఆ కేసులోంచి పూర్తిగా బయటపడింది 2023 జనవరిలో. పదకొండేళ్లు.) సెప్టెంబర్‌లో ముంబయిలో కార్టూనిస్టు అసీమ్ త్రివేది మీద ఏకంగా రాజద్రోహం సెక్షన్ కూడా పెట్టారు. అక్టోబర్‌లో అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రి కుమారుడి మీద ట్వీట్ చేసినందుకు పుదుచ్చేరిలో ఒక వ్యాపారిని పొద్దున్నే ఇంటికొచ్చి పట్టుకుపోయారు. ట్విట్టర్‌లో ఆయన్ని అనుసరించేవాళ్లు అప్పటికి పదహారు మంది.

ఆ ఎండాకాలంలోనే ఇంకో సంగతి జరిగింది. తెలుగువాళ్లకు దానితో సంబంధం ఉన్నా మనలో చాలామందికి గుర్తులేదు. 'దమ్ము' సినిమాకీ, తమిళంలో '3' సినిమాకీ పైరసీ జరగకుండా మద్రాసు హైకోర్టు నుంచి తెచ్చుకున్న ఆర్డర్లు చూపించి ఇంటర్నెట్ కంపెనీలు విమియో లాంటి సైట్లను మొత్తానికే మూసేశాయి. దొంగ కాపీకీ మామూలు వీడియోకీ తేడా చూడలేదు. ఫలానా లింకుల్ని మాత్రమే ఆపాలని కోర్టు తర్వాత స్పష్టం చేసింది. ఈలోగా, జూన్ 9న, చాలా నగరాల్లో కుర్రాళ్లు మాస్కులు పెట్టుకుని రోడ్డెక్కారు. రాజ్యసభలో పి. రాజీవ్ అనే సభ్యుడు 2011 నాటి మధ్యవర్తుల (అంటే జనం రాసింది చేరవేసే సైట్లు, ఇంటర్నెట్ కంపెనీల) రూల్స్‌ను రద్దు చేయాలని తీర్మానం పెడితే మే నెలలో అది వీగిపోయింది. అంటే వీధిలోనూ సభలోనూ కదలిక ఉంది, ఫలితం మాత్రం లేదు.

ఫలితాన్ని తెచ్చింది ముంబయి దగ్గరి పాల్ఘర్. నవంబర్ 17న బాల్ ఠాక్రే చనిపోయారు. ముంబయి బంద్. ఆ బంద్ ఎందుకని ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో నాలుగు వాక్యాలు రాసింది. స్నేహితురాలు లైక్ కొట్టింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. రాసిన అమ్మాయి బాబాయి నడిపే ఆస్పత్రిని గుంపు వచ్చి పగలగొట్టింది. లైక్ కొట్టినందుకు అరెస్టన్న మాట ప్రతి ఇంట్లోకీ వెళ్లింది. అప్పటిదాకా ఈ అరెస్టులు కార్టూనిస్టులకూ ఉద్యమకారులకూ సంబంధించిన గొడవ అనుకున్న తల్లిదండ్రులు తమ పిల్లల చేతుల్లో ఫోన్ల వైపు చూడటం మొదలుపెట్టింది ఆ వారంలోనే. నా దగ్గరికి వచ్చే క్లయింట్లు కూడా "లైక్ కొడితే కేసవుద్దాండీ?" అని అడగడం అప్పుడే మొదలైంది.

ఢిల్లీలో శ్రేయా సింఘాల్ అనే ఇరవై ఒక్కేళ్ల అమ్మాయి అడిగిందీ దాదాపు ఇదే. బ్రిటన్‌లో ఖగోళ భౌతిక శాస్త్రం చదివి వచ్చి, లా చదవబోతోంది. ఆమె పెద్ద నాయకురాలు కాదు, అరెస్టయిన మనిషి కూడా కాదు. పాల్ఘర్ అరెస్టులు జరిగిన పది రోజుల్లోనే ఆమె వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. తర్వాత పౌరహక్కుల సంఘం పీయూసీఎల్, కామన్ కాజ్ సంస్థ, మౌత్‌షట్ సైటు, ఇంటర్నెట్ కంపెనీల సంఘం ఇలా చాలామంది వేసిన పిటిషన్లు దానికి తోడయ్యాయి.

మన రాష్ట్రం వంతు 2013 మేలో వచ్చింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పీయూసీఎల్ అధ్యక్షురాలు, న్యాయవాది జయ వింధ్యాలను అరెస్టు చేశారు. చీరాల ఎమ్మెల్యే గురించీ, అప్పటి తమిళనాడు గవర్నర్ గురించీ ఫేస్‌బుక్‌లో పెట్టిన పోస్టు దానికి కారణం. ఈ అరెస్టు సంగతి సుప్రీంకోర్టు ముందుకు వెళ్లాక మే 16న ఉత్తర్వు వచ్చింది: నగరాల్లో ఐజీ స్థాయి, జిల్లాల్లో డీసీపీ లేదా ఎస్పీ స్థాయి అధికారి ముందస్తు అనుమతి లేకుండా 66-ఏ కింద ఎవరినీ అరెస్టు చేయొద్దు. జనవరిలో కేంద్రం సలహాగా చెప్పినదాన్నే కోర్టు ఆ రోజు తప్పనిసరి చేసింది. తుది తీర్పుకు రెండేళ్ల ముందే కొందరినైనా జైలుకు పోకుండా ఆపిన ఉత్తర్వు మన గడ్డ మీది అరెస్టు వల్ల వచ్చింది. జూనియర్లకు నేను ఈ సంగతి తప్పకుండా చెబుతాను.

తీర్పు

2015 మార్చి 24. ధర్మాసనంలో ఇద్దరు: కృష్ణా జిల్లా నుంచి వెళ్లిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ నారిమన్. తీర్పు రాసింది నారిమన్.

వాదనల్లో నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలింది బ్రిటన్ తీర్పుల పోలిక. "బాగా అభ్యంతరకరం" లాంటి మాటలకు అర్థం చెప్పాల్సివచ్చినప్పుడు అక్కడ కింది కోర్టు ఒకలా అంటే పై కోర్టు ఇంకోలా అంది. శిక్షణ పొందిన జడ్జీలే ఒకే మాట మీద రెండు దారులు పట్టిపోతే, ఒక సామాన్యుడు ఫోన్లో టైపు చేసేముందు గీత ఎక్కడుందో ఎలా తెలుసుకుంటాడు, కేసు కట్టే పోలీసు ఎలా తేలుస్తాడు అని కోర్టు అడిగింది. చర్చించడం, ఒక అభిప్రాయాన్ని గట్టిగా సమర్థించడం, హింసకు రెచ్చగొట్టడం వేర్వేరని చెప్పి, మూడోదాకా వెళ్తేనే ప్రభుత్వం చేయి వేయగలదని తేల్చింది.

కేంద్రం తరఫున వచ్చిన జవాబు, సెక్షన్‌ను జాగ్రత్తగా వాడతాం అని. కోర్టు ఒప్పుకోలేదు. ప్రభుత్వాలు వస్తాయి పోతాయి, సెక్షన్ మాత్రం ఉండిపోతుందంది. ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. సెక్షన్‌ను తెచ్చింది యూపీఏ ప్రభుత్వం. తీర్పు వచ్చేనాటికి కోర్టులో దాన్ని సమర్థించింది ఎన్డీయే ప్రభుత్వం. రాష్ట్రాల్లో అరెస్టులు చేసినవాళ్లలో అన్ని రంగుల పార్టీలూ ఉన్నాయి. ఈ కేసును ఏదో ఒక పార్టీ ఖాతాలో రాసేవాళ్లు దాన్ని సరిగ్గా చదవలేదని నా నమ్మకం.

66-ఏ మొత్తం పోయింది. కేరళ పోలీసు చట్టంలోని 118(డి) కూడా దానితోపాటే పోయింది. 79(3)(బి)ని మాత్రం కుదించి నిలబెట్టారు: కోర్టు ఉత్తర్వు గానీ ప్రభుత్వ నోటీసు గానీ వస్తేనే, అదీ మాట స్వేచ్ఛకు పరిమితులు పెట్టే రాజ్యాంగం 19(2)లో చెప్పిన కారణాలకే, కంపెనీలు సమాచారాన్ని తీసేయాలి. 69-ఏని అలాగే ఉంచారు. అప్పట్లో సంబరంలో మేమెవరం ఈ చివరి మాట మీద ఆగలేదు.

మా స్టేషన్లో ఏం జరిగింది

మళ్లీ 2017కి వస్తాను. ఆ రాత్రి నోటీసు ఇప్పించుకుని కుర్రాణ్ణి ఇంటికి తీసుకుపోగలిగాం. ఏడేళ్లలోపు శిక్షపడే నేరాల్లో అరెస్టుకు ముందు, విచారణకు రమ్మనే సీఆర్‌పీసీ 41-ఏ నోటీసు ఇవ్వాలన్న 2014 నాటి అర్నేశ్ కుమార్ తీర్పు అక్కడ పనికొచ్చింది. ఫోన్ మాత్రం ఇవ్వలేదు.

మర్నాడు తీర్పు కాపీ ప్రింటు తీసుకుని వెళ్లాను. ఎస్సై మర్యాదస్తుడే. కుర్చీ చూపించి టీ తెప్పించాడు. "మీరన్నది నిజమే కావచ్చు లాయరుగారూ. కానీ పుస్తకంలో ఉంది కదా" అని బేర్ యాక్ట్ (చట్టం పాఠం అచ్చేసిన పుస్తకం) తెరిచి నా ముందు పెట్టాడు. ఉంది. 66-ఏ పూర్తి పాఠం, పెద్ద అక్షరాల్లో. పేజీ కింద చిన్న అక్షరాల్లో ఫుట్‌నోట్: సుప్రీంకోర్టు కొట్టివేసినది. స్టేషన్ రైటర్ దాన్ని ఎప్పుడూ చదవలేదు. పాత ఎఫ్ఐఆర్ ఫైలు ఒకటి కంప్యూటర్లో తెరిచి పేర్లు, తేదీలు మార్చి కొత్తది తయారుచేశాడు. మాట మీద కేసంటే వాళ్ల దగ్గర ఉన్న నమూనా అదొక్కటే. ఇందులో నాకు ఎవరి దుర్మార్గమూ కనపడలేదు. తీర్పు వచ్చిందని వాళ్లకు పై నుంచి ఎవరూ కాగితం పంపలేదు, అంతే.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. తీర్పు కాపీ, ఒక మెమో ఇచ్చి వచ్చేస్తే సెక్షన్ తీసేస్తారని నమ్మాను. వెంటనే కేసు కొట్టేయమని హైకోర్టులో క్వాష్ పిటిషన్ వేయలేదు. ఖర్చు తగ్గుతుందని ఆ తండ్రికి నేనే చెప్పాను. 2018 మార్చిలో చార్జిషీటు పడింది. 66-ఏ అందులోనూ ఉంది. మేజిస్ట్రేట్ కోర్టు కేసును తీసుకుని నంబరు కూడా ఇచ్చేసింది.

నంబరయ్యాక కష్టం మొదలైంది. కుర్రాడి మేనమామ కువైట్‌లో ఉన్నాడు. అక్కడ ఎలక్ట్రానిక్స్ షాపులో పని చూశాడు. పాస్‌పోర్టుకు అప్లై చేస్తే పోలీసు వెరిఫికేషన్లో కోర్టులో కేసు పెండింగ్ అని వెళ్లింది. వీసా గడువు దాటిపోయింది. ఆ పని ఇంకొకరికి పోయింది. కుళాయి నీళ్ల ఫొటోకి ఆ కుర్రాడు కట్టిన మూల్యం జైలు కాదు, ఒక ఉద్యోగం. అది నా మనసులోంచి పోలేదు.

క్వాష్ పిటిషన్ 2018లో హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టులో వేశాం. మూడు పాయింట్లు తీసుకున్నాం. ఒకటి, 66-ఏ లేదు. రెండు, ఐటీ చట్టం కింద దర్యాప్తు చేసేది ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారి అయి ఉండాలని 78వ సెక్షన్ చెబుతోంది, మా కేసు దర్యాప్తు చేసింది ఎస్సై. మూడోది 505(2) మీద. దానికి 1997 నాటి బిలాల్ అహ్మద్ కలూ తీర్పు ఉంది, అది మన ఆంధ్రప్రదేశ్ కేసే. కనీసం రెండు వర్గాల ప్రస్తావన లేనిదే, ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పనిదే 505(2) నిలవదని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. మా కుర్రాడి పోస్టులో ఉన్నది ఒక కౌన్సిలర్, ఒక గ్లాసు. వర్గమే లేదు.

స్టే వచ్చింది. 2019 జనవరి 1 నుంచి మన హైకోర్టు అమరావతిలో వేరుగా మొదలైంది. ఫైళ్లు అక్కడికి వెళ్లాయి, వాటితో మాదీ. అదే ఏడాది ఆగస్టులో కేసు కొట్టేశారు. ఫోన్ తెచ్చుకోవడానికి ఇంకో రెండు నెలలు తిరిగాం. దాని బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది.

ఒక్క స్టేషన్ కాదు

మాదొక్కటే అనుకున్నాను. 2019 ఫిబ్రవరి 15న పీయూసీఎల్ వేసిన దరఖాస్తు మీద సుప్రీంకోర్టు, తీర్పు కాపీలను హైకోర్టుల ద్వారా అన్ని జిల్లా కోర్టులకూ, ప్రధాన కార్యదర్శుల ద్వారా పోలీసు శాఖలకూ పంపాలని ఆదేశించింది. అయినా ఆగలేదు. 2021 జూలైలో పీయూసీఎల్ లెక్కలు కోర్టు ముందు పెట్టింది. ఆ ఏడాది మార్చి నాటికి 11 రాష్ట్రాల్లో 745 కేసులు ఇంకా నడుస్తున్నాయి. తీర్పు వచ్చాక కొత్తగా కట్టినవే 1,307. జస్టిస్ నారిమన్ దిగ్భ్రాంతి వ్యక్తం చేశారు. అప్పటి అటార్నీ జనరల్ కె.కె. వేణుగోపాల్ ఇచ్చిన వివరణ పేపర్లో చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. పుస్తకంలో సెక్షన్ ఇంకా అచ్చవుతోంది, కొట్టేశారన్న సంగతి ఫుట్‌నోట్‌లో ఉంది, పోలీసు అధికారి ఫుట్‌నోట్ చూడకుండా కేసు కడుతున్నాడు అని. మా ఎస్సై నా ముందు తెరిచి పెట్టిన పేజీ అది.

2022 అక్టోబర్ 12న చీఫ్ జస్టిస్ యు.యు. లలిత్ నాయకత్వంలోని ధర్మాసనం ఇంకో అడుగు వేసింది. 66-ఏ కింద ఎవరినీ విచారించకూడదు, ఇప్పటికే ఉన్న కేసుల్లో ఆ సెక్షన్ ప్రస్తావన తొలగించాలి, డీజీపీలు తమ బలగాలకు చెప్పాలి. ఈ ఉత్తర్వు కాపీని ఇప్పటికీ నా బ్యాగులో పెట్టుకు తిరుగుతాను.

ఇప్పుడు అలాంటి ఎఫ్ఐఆర్ ఎవరైనా తెస్తే మెమోలతో కాలం గడపను. ఎస్పీకి రాతపూర్వకంగా ఇస్తూనే పక్కన హైకోర్టు కాగితాలు తయారుచేస్తాను. 2024 జూలై 1 నుంచి ఐపీసీ బదులు బీఎన్ఎస్, సీఆర్‌పీసీ బదులు బీఎన్ఎస్ఎస్ వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. 505(2) ఇప్పుడు బీఎన్ఎస్ 353(2), 41-ఏ నోటీసు బీఎన్ఎస్ఎస్ 35(3), క్వాష్‌కి 482 బదులు 528. నంబర్లు మారినా పోస్టుకు కోపమొచ్చిన నాయకుడూ, నమూనా వెతుక్కునే రైటరూ అక్కడే ఉన్నారు. బిలాల్ తీర్పు ఇప్పటికీ పనిచేస్తుంది.

ముఖం లేని సెక్షన్

66-ఏ ఎందుకు పడిపోయిందని నన్నడిగితే, న్యాయసూత్రాలకన్నా ముందు పాల్ఘర్ అమ్మాయిల పేరు చెబుతాను. అరెస్టంటే ఒక మనిషి, ఒక ఇల్లు, ఏడ్చే అమ్మ. చూసినవాళ్లు తమ ఇంట్లో జరిగినట్టు అనుకుంటారు. ఎదురు తిరగడానికి జనానికి పట్టు దొరుకుతుంది.

69-ఏ కింద అరెస్టు ఉండదు. కేంద్రం ఒక పేజీని గానీ ఖాతాను గానీ ఆపమని కంపెనీకి ఆదేశిస్తుంది. పాటించకపోతే కంపెనీవాళ్లకు ఏడేళ్ల దాకా జైలు. 2009 నాటి బ్లాకింగ్ రూల్స్‌లో 16వ రూలు ఈ ఫిర్యాదులనూ వాటి మీద తీసుకున్న చర్యలనూ రహస్యంగా ఉంచాలంటుంది. 2015లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను నిలబెట్టినప్పుడు కొన్ని రక్షణలు చూపించింది. కారణాలు రాతలో ఉండాలి, వాటి మీద హైకోర్టులో రిట్ పిటిషన్ వేసుకోవచ్చు, రాసినవాణ్ణి గుర్తించగలిగితే అతని మాటా వినాలి. కాగితం మీద మంచి రక్షణలే. కానీ ఉత్తర్వే చేతికి రాని మనిషి దాని మీద రిట్ ఎలా వేస్తాడు?

పార్లమెంటుకు ప్రభుత్వం చెప్పిన లెక్కల ప్రకారం 2014లో ఇలా ఆపినవి 471. 2020లో 9,849. వీటిలో ఉగ్రవాదుల వీడియోలూ ఉంటాయి, నేను కాదనను. ఎన్ని అవి, ఎన్ని ఒక కార్టూనో వార్తో చెప్పగలిగే దారి మాత్రం బయటివాళ్లకు లేదు. వరకట్నం మీద వ్యంగ్యంగా నడిచిన సైటు ఒకదాన్ని 2018లో ఆపేశారు. ఉత్తర్వు కాపీ ఇచ్చి దాన్ని నడిపిన వ్యక్తి మాట వినమని 2022 మేలో ఢిల్లీ హైకోర్టు చెప్పేదాకా, ఎందుకు ఆపారో అతనికి కాగితం అందలేదు. 2023 జూన్‌లో ఖాతాల నిలిపివేత మీద ట్విట్టర్ వేసిన పిటిషన్‌ను కర్ణాటక హైకోర్టు కొట్టేసి 50 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. 79(3)(బి) కింద అధికారులు నేరుగా కంపెనీలకు నోటీసులు పంపే సహయోగ్ పోర్టల్‌ను ఎక్స్ కంపెనీ (పాత ట్విట్టర్) సవాలు చేస్తే, 2025 సెప్టెంబర్‌లో అదే హైకోర్టు దాన్నీ కొట్టేసింది. శ్రేయా సింఘాల్ తీర్పు 2011 నాటి మధ్యవర్తుల రూల్స్ గురించి చెప్పింది, దాన్ని వాటి స్థానంలో వచ్చిన 2021 రూల్స్‌కు తెచ్చి పెట్టలేమని అంది. కర్ణాటక హైకోర్టు చెప్పినదానితో నేను ఏకీభవించను. 2015లో కుదించింది రూల్‌ను మాత్రమే కాదు, చట్టంలోని సెక్షన్‌ను కూడా.

అంతా చీకటే అని కాదు. కేంద్రం తన గురించి వచ్చే సమాచారంలో ఏది అబద్ధమో తానే తేల్చే ఫ్యాక్ట్ చెక్ యూనిట్ రూల్‌ను 2023లో తెస్తే, కమెడియన్ కునాల్ కామ్రా, ఎడిటర్స్ గిల్డ్ తదితరులు బొంబాయి హైకోర్టుకు వెళ్లారు. ఇద్దరు జడ్జీలు రెండు విధాలుగా చెప్పారు. మూడో జడ్జి జస్టిస్ చందూర్కర్ 2024 సెప్టెంబర్ 20న రూల్ చెల్లదన్నారు. ఇక్కడా కనిపించే మనుషులున్నారు, జనానికి తెలిసిన పేర్లున్నాయి.

నా రెండో క్లయింటుకు అలాంటి పేరు లేదు. జిల్లా వార్తలు రాసే చిన్న పేజీ నడుపుతాడు. 2024లో ఒక ఉదయం ఆ పేజీ మన దేశంలో కనపడటం మానేసింది. చట్టపరమైన డిమాండ్ మేరకు ఇండియాలో నిలిపివేశాం అన్న ఒక్క వాక్యం. కంపెనీ నుంచి వచ్చిన మెయిల్లో ప్రభుత్వం కోరింది అని ఉంది, ఏ పోస్టు గురించో లేదు. ఆర్టీఐ వేశాం. 16వ రూలు చూపించి సమాచారం ఇవ్వలేమన్నారు. "ఏం రాయకూడదో చెబితే అదైనా మానేస్తాను కదండీ. అది కూడా చెప్పట్లేదు" అన్నాడు. ఇంకోటి కూడా అన్నాడు: "మా ఊళ్లో అందరూ నేనే మానేశాననుకుంటున్నారండి."

వాళ్ల వీధిలో ఎవరూ ధర్నా చేయలేదు. చేయడానికి వాళ్లకు ఏం తెలుసు? తలుపు తట్టిన పోలీసు లేడు, స్టేషన్ లేదు, రాత్రి పదకొండుకి తండ్రి నుంచి ఫోన్ లేదు. అరెస్టును చూసి భయపడని మనిషి ఉండడు, మాయమైన పేజీని గమనించే మనిషి దొరకడు. 2012లో జనం పట్టుకున్న పట్టు ఈ కేసులో ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతున్నాను. ప్రస్తుతానికి దొరికింది ఒక్కటే. తన పేరుతో, ఊరు పేరుతో రిట్ వేయడానికి అతను ఒప్పుకున్నాడు. ఇంట్లోవాళ్లకు టెన్షన్. నాన్నగారు వద్దన్నారట. అయినా వచ్చి వకాలత్ మీద సంతకం పెట్టాడు.

రిట్ వేశాం. సవాలు చేస్తున్న ఉత్తర్వు కాపీ జత చేయలేదని రిజిస్ట్రీ అభ్యంతరం రాసి వెనక్కి పంపింది. కాపీ మాకివ్వలేదు కాబట్టి అది లేకుండానే తీసుకోమని విడిగా పిటిషన్ పెట్టాం. నంబరైంది, కేంద్రానికి నోటీసు వెళ్లింది, వాళ్ల జవాబు (కౌంటర్) రావాలి. రిట్‌తో జత చేసే మెటీరియల్ పేపర్లలో మొదటి పేజీలో ఉత్తర్వు ఉండాలి. ఆ చోట అతని ఫోన్లో తీసిన స్క్రీన్‌షాట్ పెట్టాం. పేజీ పేరు, కింద ఆ ఒక్క వాక్యం.